నల్లమల మంటలకు ఏ డ్రోన్ కొనాలి? లైవ్ వీడియో ఎంతవరకు అవసరం?

అడవి మంటల కోసం డ్రోన్ కొనాలనుకునే ఆఫీసుల్లో మొదట వినిపించే ప్రశ్న "ఎంతసేపు గాల్లో ఉంటుంది?" ఆ వెంటనే "హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని లైవ్‌లో చూడొచ్చా?" అమ్మేవాళ్లు కూడా ఈ రెండిటికే సమాధానాలు సిద్ధం చేసుకుని వస్తారు. నన్నడిగితే ఈ రెండూ చివర అడగాల్సినవి. ముందు తేల్చుకోవాల్సింది, ఆ వీడియో చూసి ఎవరు ఏం చేస్తారన్నది. మంట దగ్గర బ్లోయర్ (ఎండుటాకును ఊదేసే యంత్రం) పట్టుకుని నిలబడ్డ ఫైర్ వాచర్‌కు పనికిరాని వీడియో, పెద్ద తెర మీద ఎంత బాగా కనిపించినా దండగే.

మన మంటలు ఎలాంటివో ఒకసారి చూద్దాం. నల్లమలలో, శేషాచలంలో ఫిబ్రవరి నుంచి మే చివరి దాకా కాలేది ఎక్కువగా నేల మీది ఎండుటాకు, బోదగడ్డి. మంట మోకాలెత్తు ఉంటుంది, గాలి తోడైతే నడుమెత్తు. కాలిఫోర్నియాలో లాగా చెట్ల తలలు అంటుకుని ఒక కొండ మీంచి ఇంకో కొండకు దూకే మంటలు ఇక్కడ అరుదు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు. తునికాకు చిగురు బాగా రావాలని నిప్పు పెడతారు. పశువుల కాపరి బీడీ పారేస్తాడు. శివరాత్రికి శ్రీశైలం నడిచి వెళ్లేవాళ్లు వండుకున్న పొయ్యి ఆర్పకుండా కదులుతారు. ఇక ఆర్పేదంతా చేతులతోనే. ఒక బీట్ ఆఫీసరు (అడవిలో ఒక చిన్న భాగాన్ని చూసుకునే ఉద్యోగి), నలుగురైదుగురు వాచర్లు, ఒకటో రెండో బ్లోయర్లు, పచ్చికొమ్మలు. వాళ్లకు కావాల్సిన సమాచారం కొంచెమే. మంట తల ఎటు పోతోంది? దాన్ని ఆపడానికి దగ్గర్లో బండిబాటో, వాగో, ఫైర్ లైనో (మంట దాటకుండా ముందే ఆకు, గడ్డి తీసేసిన పట్టీ) ఉందా? మన వెనక కొత్తగా ఎక్కడైనా అంటుకుందా? ఆరిందనుకున్న చోట నిజంగా ఆరిందా?

డ్రోన్లు ఈ రంగంలోకి వచ్చింది మాత్రం వేరే రకం మంటల కోసం. 2007 అక్టోబరులో దక్షిణ కాలిఫోర్నియా తగలబడినప్పుడు నాసా తన ఇఖానా డ్రోన్‌తో థర్మల్ చిత్రాలు (వేడి తేడాలను చూపేవి) తీసి కిందికి పంపింది. 2013లో యోసెమిటీ పక్కన రేగిన రిమ్ ఫైర్ మీద సైన్యం వాడే ప్రిడేటర్ డ్రోన్ తిరిగి లైవ్ వీడియో ఇచ్చింది. అది లక్ష హెక్టార్లకు పైగా కాల్చిన మంట. వేల మంది సిబ్బంది, విమానాలు, వాటన్నిటినీ నడిపే పెద్ద కమాండ్ పోస్టు. అంతమందిని అటూ ఇటూ కదపాల్సిన చోట దూరం నుంచి చూసే వీడియోకు అర్థం ఉంది. మన చేతికి వచ్చే బ్రోషర్లలో చాలా భాగం అలాంటి అవసరాల నుంచి పుట్టినవే.

మంటను కనిపెట్టే పని డ్రోన్‌ది కాదు

డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల డేటా చూసి మంట జాడ ఉన్న చోటును సిబ్బంది ఫోన్లకు ఎస్ఎంఎస్‌గా పంపుతుంది. ఇందులో విర్స్ అనే సెన్సర్ చూపే ఒక్కో చుక్క నేల మీద 375 మీటర్ల చదరం, అంటే దాదాపు 35 ఎకరాలు. పాత మోడిస్ చుక్క అయితే కిలోమీటరు చదరం. మంట ఆ చదరంలో ఏ మూలైనా ఉండొచ్చు. పైగా ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే మన మీదుగా వెళ్తుంది. ఆ మధ్యలో పుట్టి ఆరిపోయిన మంట దాని కంటబడదు.

అయినా సరే, వెతకడానికి డ్రోన్ కంటే ఇదే నయం. ఎందుకంటే 120 మీటర్ల ఎత్తు నుంచి మామూలు థర్మల్ కెమెరాకు ఒకసారి కనిపించేది రెండున్నర ఎకరాలు కూడా ఉండదు. వేల ఎకరాల రేంజిని (ఒక రేంజ్ ఆఫీసరు కింద ఉండే అడవిని) అలా జల్లెడ పట్టాలంటే బ్యాటరీలన్నీ మధ్యాహ్నానికే అయిపోతాయి. అలర్ట్ వచ్చాక ఆ 35 ఎకరాల్లో మంట ఎక్కడుందో పది నిమిషాల్లో తేల్చడం డ్రోన్ పని. పొద్దస్తమానం అడవి మీద గస్తీ తిప్పుతామంటే కుదరదు.

టవర్ల మీద స్థిరంగా పెట్టే కెమెరాలు మరో దారి. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నడిపే అలర్ట్ కాలిఫోర్నియా అనే వ్యవస్థకు వెయ్యికి పైగా ఇలాంటి కెమెరాలున్నాయి. పొగను కంప్యూటరే గుర్తుపట్టే పద్ధతి 2023లో మొదలుపెట్టారు. మన దగ్గర తిరుపతి పైనున్న శేషాచలం అంచుల్లాంటి చోట్ల, అంటే కరెంటు, టవరు, సిగ్నల్ మూడూ ఉన్నచోట, డ్రోన్ కంటే ముందు దీని గురించి ఆలోచించాలి. నల్లమల లోపల ఈ మూడూ ఒకేచోట దొరకడం కష్టం.

చిన్నదా, పెద్దదా, రెక్కలదా, తీగ కట్టినదా

రెండు కిలోల లోపు క్వాడ్‌కాప్టర్ (నాలుగు ఫ్యాన్లతో ఎగిరే డ్రోన్) వీపు సంచిలో పడుతుంది. జీపు వెళ్లని చోటికి మనిషి మోసుకెళ్లగలడు, సంచి దించిన కాసేపటికే గాల్లోకి లేపగలడు. నల్లమల లాంటి మంటలకు నా ఓటు దీనికే. ప్రపంచమంతా ఈ తరగతిలో డీజేఐ మావిక్ 3 థర్మల్ పేరు చెబుతుంది. బరువు 920 గ్రాములు, కాగితం మీద 45 నిమిషాలు ఎగురుతుంది. కానీ 2022 ఫిబ్రవరి నుంచి పూర్తిగా తయారైన విదేశీ డ్రోన్ల దిగుమతిపై మన దేశంలో నిషేధం ఉంది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మినహాయింపులున్నా, ఫైరు కోసం కొనేవాళ్లు బెంగళూరు ఆస్టీరియా, నవీ ముంబై ఐడియాఫోర్జ్ లాంటి దేశీ కంపెనీల వైపు, అదీ టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్‌కు ప్రభుత్వ ఆమోదం) ఉన్న మోడళ్ల వైపు చూడడమే మంచిది. యూట్యూబ్ రివ్యూలు చూసి మోడల్ పేరు ఖాయం చేసుకుని టెండర్ రాస్తే ఇక్కడే ఇరుక్కుంటారు.

కాగితం మీది నిమిషాల్లో కనీసం మూడోవంతు కోసేసి లెక్క వేసుకోండి. వేడి, గాలి, తిరిగి వచ్చేందుకు మిగల్చాల్సిన చార్జి, అన్నీ పోగా 45 కాస్తా ముప్పై లోపుకు వస్తుంది. అంతకంటే ముఖ్యమైన అంకె ఒకటుంది, దాన్ని ఎవరూ చూడరు: ఎంత ఎండలో పనిచేస్తుంది? మావిక్ 3 తరగతికి తయారీదారు రాసుకున్న పరిమితి 40 డిగ్రీలు. అదే కంపెనీ పెద్ద మోడల్ మాట్రిస్ 30కి 50 డిగ్రీలు. ఏప్రిల్ మధ్యాహ్నం మనదగ్గర నీడలోనే 42 దాటే రోజులుంటాయి. ఇక మంట పక్కన, నల్లరాయి మీద పెట్టిన బ్యాటరీ సంగతి చెప్పక్కర్లేదు. అందుకే ఎగిరే సమయం పది నిమిషాలు తక్కువైనా 50 డిగ్రీల దాకా తట్టుకునేదే తీసుకోండి. మిగిలిన డబ్బు బ్యాటరీల మీద పెట్టండి. రెండు బ్యాటరీలతో కొన్న డ్రోన్ రెండో గంటలో పెట్టెలోకి వెళ్లిపోతుంది. ఆరు బ్యాటరీలు, జీపులో నడిచే చార్జరు, బ్యాటరీలు దాచే ఐస్ పెట్టె లాంటి చల్లటి డబ్బా (లోపల ఐస్ వద్దు, తడి చేరుతుంది) ఉంటే అది రోజంతా పనిచేస్తుంది.

మూడు నుంచి ఆరు కిలోల మధ్య తరగతి గాలికి బాగా నిలబడుతుంది, దుమ్ము, చినుకులను తట్టుకుంటుంది, కెమెరా జూమ్ ఎక్కువ. జీపు వెళ్లగలిగే చోట్లకు, ఘాట్ రోడ్ల పక్కన మంటలకు, ఫైర్ సర్వీసుకు ఇది సరిపోతుంది. మోసుకుని గుట్ట ఎక్కాలంటే మాత్రం వాచర్లు రెండో రోజే దాన్ని జీపులో వదిలేసి వెళ్తారు.

నిలువుగా లేచి విమానంలా ఎగిరే వీటాల్ రకం చూడ్డానికి అందరికీ నచ్చుతుంది. ఐడియాఫోర్జ్ స్విచ్ లాంటివి రెండు గంటలకు పైగా ఎగురుతాయి. కాలిన విస్తీర్ణం మ్యాపు చేయడానికి, శివరాత్రి నడకదారుల వెంట ఒకేసారి చాలాచోట్ల పొగ లేచినప్పుడు దేని దగ్గరికి ముందు వెళ్లాలో తేల్చడానికి బాగుంటాయి. కానీ వాటి మామూలు పద్ధతి ముందుకు పోవడం. ఒక మొద్దు మీద ఆగి, కిందికి దిగి, ఇంకా నిప్పుందా అని చూసే పని వాటికి చెప్పలేం. దిగడానికి మైదానం కావాలి. కంటిచూపు దాటి ఎగరేయాలంటే వేరే అనుమతులు కావాలి. సర్కిల్ (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద విభాగం) మొత్తానికి ఒకటి చాలు, అదీ చిన్నవి కొన్న తర్వాతే.

తీగ కట్టిన డ్రోన్ గురించి క్లుప్తంగా: కింది నుంచి కరెంటు అందుతుంది కాబట్టి గంటల తరబడి ఒకేచోట నిలుస్తుంది. ఊరి అంచున మంట వచ్చినప్పుడు కమాండ్ పోస్టుకు కదలని కన్ను. జనరేటరు, బండి ఉండాలి. అడవి లోపల పనికిరాదు.

థర్మల్ కెమెరా అసలు లాభం మంట ఆరాక

పగలు పొగలోంచి మంట తలను చూడ్డానికి థర్మల్ ఉపయోగపడుతుంది, నిజమే. మన అడవికి ఇంకో వరం కూడా ఉంది. మంటల కాలంలో చెట్లు ఆకు రాల్చి ఉంటాయి కాబట్టి పైనుంచి నేల కనిపిస్తుంది. ఆకులను దాటి చూసే శక్తి థర్మల్‌కు లేదు. దట్టమైన వెదురు పొదల దగ్గర ఇది వెంటనే తెలిసిపోతుంది.

కానీ పెట్టిన డబ్బు తిరిగొచ్చేది మర్నాడు తెల్లవారుజామున. సాయంత్రం ఆర్పేసి అందరూ దిగిపోతారు. కాలిన దుంగ లోపల నివురుగప్పిన నిప్పు అలాగే ఉంటుంది, మర్నాడు పదకొండింటికి గాలి లేవగానే ఫైర్ లైను అవతల పడుతుంది. తెల్లవారకముందే డ్రోన్ లేపితే చల్లబడిన నేల అంతా నల్లగా, దాని మీద నిప్పున్న మొద్దులు తెల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. పైలట్ వైర్‌లెస్‌లో చెబుతాడు: "వాగు దాటాక రెండో నల్లమద్ది, దాని కింద." వాచరు వెళ్తాడు. పైకి బూడిద రంగులో చల్లగా కనిపించే మొద్దే. గునపంతో ఒక్క పోటు పొడిస్తే లోపల ఎర్రగా బయటపడుతుంది. వీపు మీది స్ప్రేయర్‌తో నీళ్లు కొట్టి, మట్టి కప్పి, పైలట్‌ను మళ్లీ చూడమంటాడు. తెర మీద చుక్క మాయమయ్యేదాకా ఇదే పని. ఇదే మధ్యాహ్నం మూడింటికి చేస్తే ఎండకు కాగిన ప్రతి బండా తెల్లగా మెరుస్తూ నిప్పులాగే కనిపిస్తుంది, వాచర్లు బండ బండకూ తిరిగి విసిగిపోతారు.

అందుకని కెమెరా కొనేటప్పుడు పిక్సెళ్ల దగ్గర పిసినారితనం వద్దు. 640 × 512 థర్మల్‌తో 120 మీటర్ల ఎత్తు నుంచి ఒక్కో పిక్సెల్ నేల మీద 17 సెంటీమీటర్లు, జానెడు కంటే తక్కువ. అంతే వెడల్పు చూపించే 160 × 120 కెమెరాతో అది దాదాపు 70 సెంటీమీటర్లు అవుతుంది, పిడికెడు నిప్పు అందులో కలిసిపోతుంది. ప్రతి పిక్సెల్‌కూ డిగ్రీలు చూపిస్తామని అదనంగా అడిగే డబ్బు మాత్రం ఆలోచించి ఇవ్వండి. ఈ కెమెరాలు మామూలు సెట్టింగ్‌లో 150 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. మంట దగ్గర ఆ అంకెకు విలువ లేదు. మొద్దుల వేటకు తెలుపు నలుపుల తేడా తెలిస్తే చాలు.

లైవ్ వీడియో: ఎంత దూరం పంపాలి?

అన్నిటికంటే దగ్గరి దారి కంట్రోలర్ తెర. పైలట్ చూస్తాడు, పక్కనున్న మనిషి వైర్‌లెస్ సెట్‌లో చెబుతాడు. నెట్‌వర్క్ అక్కర్లేదు, నెలవారీ బిల్లు లేదు. రెండు పనులూ పైలటే చేస్తే రెండూ చెడతాయి కాబట్టి ఆ రెండో మనిషి తప్పనిసరి. తర్వాతి మెట్టు, కంట్రోలర్ నుంచి కేబుల్‌తో జీపులో ఒక మానిటర్. రేంజ్ ఆఫీసరు నీడలో నిలబడి చూడగలడు. ఎండలో కంట్రోలర్ తెర మీద ఏమీ కనిపించదన్నది వాడిన ప్రతివాడికీ తెలుసు. ఆ ఒక్క కారణానికే ఈ మానిటర్ కొనొచ్చు.

మూడో మెట్టు 4జీ మీద హెడ్ ఆఫీసుకు. ఓ మాదిరి స్పష్టమైన వీడియోకు 2 నుంచి 4 ఎంబీపీఎస్ అప్‌లోడ్ కావాలి. డౌన్‌లోడ్ ఎంత వస్తోందో చూసి మోసపోవద్దు. 4 ఎంబీపీఎస్ అంటే గంటకు 1.8 జీబీ. మన్ననూరు దాటి దోమలపెంట దాకా ఫోన్ సిగ్నల్ ఉండీ లేనట్టే ఉండే దారిలో ఈ అంకెలు చదువుకోవడానికి బాగుంటాయి, అంతే. రెండు మూడు కంపెనీల సిమ్‌లను కలిపి వాడే పరికరాలు గుట్ట మీద కొంత నయం, లోయలో ఏదైనా ఒకటే. వీడియో పద్ధతిలోనూ తేడా ఉంది. ఆర్టీఎంపీ మీద పంపితే చూసేవాళ్లకు ఐదు పది సెకన్లు ఆలస్యంగా చేరొచ్చు, వెబ్ఆర్టీసీ అయితే సిగ్నల్ బాగుంటే సెకను అటూ ఇటూ. వాహనం మీద శాటిలైట్ టెర్మినల్ పెట్టడం నాలుగో మెట్టు, డివిజన్ స్థాయి కంటే కింద దాని ఖర్చు గిట్టదు.

డేటా ప్లాన్ చిన్న విషయం అనుకోవద్దు. 2018లో కాలిఫోర్నియా మెండోసినో మంటల సమయంలో శాంటా క్లారా కౌంటీ ఫైర్ డిపార్ట్‌మెంట్ కమాండ్ వాహనానికి వెరైజన్ అనే ఫోన్ కంపెనీ నెట్ వేగం తగ్గించేసింది. "అన్‌లిమిటెడ్" ప్లానే, కానీ పరిమితి దాటింది. వేగం అంతకు ముందున్న దాంట్లో రెండు వందలో వంతుకు పడిపోయిందని ఆ విభాగం అధిపతి తర్వాత కోర్టుకు చెప్పారు. సిమ్ తీసుకునేటప్పుడు రోజువారీ హద్దు దాటితే ఏమవుతుందో రాతపూర్వకంగా అడగండి.

నన్నడిగితే, సిగ్నల్ లేని అడవిలో లైవ్ కంటే మెరుగైనది ఇంకొకటుంది: ఒక ఫోటో, దానితోపాటు ఆ చుక్క అక్షాంశ రేఖాంశాలు. సైజు మూడు వందల కేబీ. వీడియో కదలని చోట కూడా ఇది నిమిషంలో వెళ్లిపోతుంది, వాచర్ ఫోన్‌లో మ్యాపు ముందే దించుకుని ఉంటే నేరుగా అక్కడికి నడుస్తాడు. హెడ్ ఆఫీసుకు కూడా పావుగంటకొకటి ఇలాంటిది అందితే వాళ్లు తీసుకోవాల్సిన నిర్ణయాలకు (ఇంకో టీమ్ పంపాలా, పక్క రేంజిని కదపాలా) సరిపోతుంది.

లైవ్ పైకి వెళ్తే వచ్చే ఇంకో తలనొప్పి మనుషులది. తెర మీద చూసిన పెద్దాఫీసరు నేరుగా ఫోన్ చేసి "ఎడమవైపు పోనియ్యండి" అంటారు. కెమెరా ఎటు తిరిగి ఉందో ఆయనకు తెలియదు. తెర మీది ఎడమ, కింద నిలబడ్డవాడి ఎడమ ఒకటి కావు. మాట ఒక్కరి నుంచే వెళ్లాలి, అది మంట దగ్గరున్న రేంజ్ ఆఫీసరు అయ్యుండాలి. కుడి ఎడమలు మానేసి "వాగు వైపు", "బేస్ క్యాంప్ వైపు" అనడం అలవాటు చేయాలి. లైవ్ లింకుకు పాస్‌వర్డ్ కూడా పెట్టండి. పులి కనిపించిన చోటు వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం ఎవరికీ మంచిది కాదు.

హెలికాప్టర్ వస్తే డ్రోన్ దిగాల్సిందే

2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ పాలిసేడ్స్ మంటల మీద నీళ్లు చల్లుతున్న సూపర్ స్కూపర్ విమానం రెక్కకు ఒక ప్రైవేటు డ్రోన్ తగిలి, మూడంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు రంధ్రం పడింది. అంత అవసరమైన సమయంలో విమానం మరమ్మతుకు ఆగిపోయింది. ఆ డ్రోన్ డీజేఐ మినీ 3 ప్రో, 249 గ్రాములు. మన 2021 డ్రోన్ నిబంధనల్లో 250 గ్రాముల దాకా నానో, పైలట్ సర్టిఫికెట్ కూడా అడగరు. చిన్నది కదా ఏమవుతుందిలే అనుకునేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మనకూ ఇది దూరపు సంగతి కాదు. 2014 మార్చిలో శేషాచలం తగలబడినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు దిగాయి. 2024 ఏప్రిల్‌లో నైనీతాల్ మంటలకు ఎంఐ-17 భీమ్‌తాల్ చెరువు నీళ్లు మోసింది. హెలికాప్టర్ పిలిచారంటే డ్రోన్‌లు ఎప్పుడు దిగాలి, ఎవరు చెబుతారు అన్నది ముందే కాగితం మీద ఉండాలి. మిగతా నిబంధనలు తేలికే: గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో) 120 మీటర్ల దాకా ఎగరొచ్చు, రెండు కిలోల లోపు మైక్రో తరగతి డ్రోన్‌ను వ్యాపారానికి కాకుండా వాడితే సర్టిఫికెట్ అక్కర్లేదు, ఆపై చిన్న తరగతికి (25 కిలోల దాకా) కావాలి. సర్టిఫికెట్ అడగకపోయినా శిక్షణ ఇప్పించండి. తిరుమలలో డ్రోన్లపై నిషేధం ఉంది కాబట్టి ఆ చుట్టుపక్కల పనిచేయాల్సినవాళ్లు అనుమతి సంగతి మంటల కాలానికి ముందే తేల్చుకోవాలి.

ఎవరికి ఏది

ఒక రేంజికైతే 640 థర్మల్ ఉన్న చిన్న క్వాడ్ ఒకటి, ఆరు బ్యాటరీలు, మానిటరు, శిక్షణ పొందిన ఇద్దరు. లైవ్ వద్దు. డివిజన్‌కైతే అలాంటివే రెండు మూడు, జీపుతో తిరిగే మధ్య తరగతిది ఒకటి, సిమ్‌లు కలిపే పరికరం ఒకటి. ఇంకా డబ్బు మిగిలితే వీటాల్ కంటే ముందు వైర్‌లెస్ రిపీటర్ (సెట్ల మాటను దూరం దాకా చేర్చే పరికరం) బాగుచేయించండి. మాట చేరని చోట వీడియో ఎందుకు? ఊళ్ల అంచున పనిచేసే ఫైర్ సర్వీసుకు లెక్క వేరు. సిగ్నల్ ఉంటుంది, ఇళ్లుంటాయి, రెండు మూడు శాఖలు కలిసి పనిచేయాలి. లైవ్‌కు అక్కడ విలువ ఎక్కువ, తీగ కట్టిన డ్రోన్ కూడా ఆలోచించొచ్చు. డ్రోన్ నుంచి నిప్పు గుళికలు వేసి ఎదురు మంట పెట్టే పరికరాలు అమెరికాలో వాడుతున్నారు. నేల మంటను వాచర్లు చేత్తోనే ఎదుర్కోగలిగే చోట వాటి జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు.

కొనేముందు డెమో ఆఫీసు ఆవరణలో చూడకండి. ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి మీ రేంజిలోకే రమ్మనండి. డ్రోన్‌ను ఒక గుట్ట వెనక్కి పంపించి వీడియో ఎక్కడ తెగుతుందో చూడండి, తెగాక అది తనంతట తాను వెనక్కి వస్తుందో లేదో కూడా. అదే బ్యాటరీని దించిన వెంటనే చార్జింగ్‌కు పెట్టమనండి. చాలావాటికి వేడి తగ్గేదాకా చార్జి ఎక్కదు, ఎంతసేపు ఆగాలో గడియారం పెట్టి కొలవండి. మర్నాడు తెల్లవారకముందు ఖాళీ జాగాలో మట్టి మూకుడులో గుప్పెడు బొగ్గులు రాజేసి, పైన బూడిద కప్పి, ఎక్కడ పెట్టారో చెప్పకుండా వెతకమనండి. పక్కనే నీళ్ల డబ్బా ఉంచుకోండి. బొగ్గులు దొరికాక ఆ చోటుకు దారి చెప్పాల్సింది కంపెనీ మనిషి కాదు, మీ బీట్ ఆఫీసరు, మీ వైర్‌లెస్ సెట్‌లో, ఆ చోటు ఎప్పుడూ చూడని వాచరుకు. ఇవన్నీ టెండర్‌లోనే రాసి పెట్టండి. వీటితోపాటు రెక్కలు, బ్యాటరీలు ఎన్ని రోజుల్లో తెచ్చిస్తారు, రిపేరుకు పంపినప్పుడు బదులు డ్రోన్ ఇస్తారా అన్నదీ రాయించండి, ఎందుకంటే ఫిబ్రవరిలో రిపేరుకు వెళ్లిన డ్రోన్ జూన్‌లో తిరిగొస్తే ఆ ఏడాదికి అది లేనట్టే.